పోయొస్తానని చెప్పి వెళ్లు, బిడ్డా

గడప మీద నిలబడి, ఒక చెప్పు వేసుకుని ఇంకో చెప్పు కాలితో వెతుక్కుంటూ "పోతున్నా" అంటావేం బిడ్డా? పోయొస్తానను. చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను, నీ తొందరలో నీ చెవికెక్కదు. పోయొస్తా అన్న మాటలో పోవడం ఉంది, రావడం ఉంది, ఆ రెండింటి మధ్యా నీ కోసం చూసే మనిషొకరు ఇంట్లో ఉన్నారన్న ఎరుక ఉంది. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. విసుక్కోకు, బస్సుకింకా టైముంది.

వెళ్లొద్దని చెప్పడానికి కూర్చోలేదు నేనిక్కడ. వెళ్లు, తప్పకుండా వెళ్లు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ తీసేశాక, పొద్దున్నే కోదాడలోనో హుజూర్‌నగర్‌లోనో బస్సెక్కి సూర్యాపేటకు చదువుకో, కొలువుకో వచ్చే పిల్లల్ని చూస్తుంటే నా కడుపు నిండుతుంది. ఆ జీరో టికెట్టు వేలెడంత కాగితం ముక్క. కానీ బస్సు చార్జీకి తండ్రినో మొగుణ్నో అడిగి, ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అని పది ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటే తప్ప ఊరు దాటని తరం మాది. ఆ కాగితం విలువ మాకు తెలిసినంత మీకు తెలియదు. (కోదాడ పిల్లలు ఒకటి గుర్తుంచుకోండి. ఆ ఉచితం మన రాష్ట్రం సరిహద్దు వరకే. విజయవాడ పోవాలంటే అవతలి దారికి డబ్బులు చేతిలో ఉండాల్సిందే.)

ప్రశ్నలు తప్పాయి, మంచిదే. ఆ ప్రశ్నలతో పాటు చెప్పే అలవాటు కూడా పోయింది చూడు, నా బాధంతా దాని గురించే. ఎక్కడున్నావే అని ఫోన్ చేస్తే "రూమ్‌లో" అంటావు. వెనకాల బస్సు హారన్ వినబడుతూ ఉంటుంది. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి తల్లీ.

ఎందుకు అబద్ధం చెబుతావో కూడా నాకు తెలుసు. నేనూ చెప్పినదాన్నే కనుక. ఇంటర్ చదివే రోజుల్లో మా పల్లె నుంచి కోదాడకు ముగ్గురం ఆడపిల్లలం బస్సులో వచ్చేవాళ్లం. ఆ బస్సులో ఒకడు రోజూ మా వెనకే వచ్చి నిలబడేవాడు. ఏం చేసేవాడో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ముగ్గురిలో ఒకతి ధైర్యం చేసి ఇంట్లో చెప్పింది. అంతే. వాణ్ని ఎవరూ ఏమీ అనలేదు, పిల్లనే కాలేజీ మాన్పించారు. ఆ మాఘంలోనే పెళ్లి చేసి పంపేశారు. మా ముగ్గురిలో లెక్కలు బాగా వచ్చింది దానికే. అది చూసి మేమిద్దరం నోళ్లు కుట్టేసుకున్నాం. సంవత్సరం పాటు చేతిలో పిన్నీసు పట్టుకుని బస్సెక్కాను కానీ, అమ్మకు ఒక్క మాట చెప్పలేదు. చెబితే వాడి ఆట కట్టదు, నా చదువు ఆగుతుంది. ఆ లెక్క అప్పుడే నాకు అర్థమైపోయింది.

అందుకే నీ కంటే ముందు మీ అమ్మానాన్నలను తిట్టాలి నేను. పిల్ల వచ్చి ఫలానా చోట ఒకడు వెంటపడ్డాడని చెబితే, "ఆ టైములో అక్కడికెందుకు పోయావు" అని అడుగుతాం మనం. ఆ ఒక్క ప్రశ్నతో పిల్ల నోరు మూతపడుతుంది. తర్వాత జరిగేవి మనకు తెలియవు. తెలిసేసరికి పోలీస్ స్టేషన్లోనో, ఆసుపత్రిలోనో ఉంటాం. అడగాల్సింది "ఇప్పుడెట్లా ఉన్నావు, నన్ను రమ్మంటావా" అని. నేను బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ తల్లిదండ్రులతో ఇదే పోరాడాను. కొందరు విన్నారు.

సరే, ఇప్పుడు నీ సంగతి. మేం తిడతామని నువ్వే ముందుగా తీర్పు చెప్పేసుకుని దాచడం కూడా తప్పే బిడ్డా. ఫోన్లో ఫోటో పట్టుకుని బెదిరించేవాడి బలమంతా ఎక్కడుందో ఎప్పుడైనా ఆలోచించావా? ఫోటోలో లేదు. నువ్వు ఇంట్లో చెప్పవన్న వాడి నమ్మకంలో ఉంది. ఇవాళ ఐదు వేలు పంపితే రేపు పదివేలు అడుగుతాడు. ఆ మొదటి రోజే మీ అమ్మకు చెప్పి 1930కి ఫోన్ చేశావనుకో, వాడి చేతిలో ఏముంటుంది? సిగ్గుపడాల్సింది వాడు. నువ్వెందుకు ఆ బరువు మొయ్యాలి?

మొన్న ఒక పిల్ల అడిగింది, పెద్దమ్మా, ఆడపిల్లకు హైదరాబాద్ మంచిదా, బెంగళూరా, ముంబయా అని. ఊరి పేరు అడిగితే నేనేం చెప్పేది? ఏ వీధి, ఏ వేళ, బస్సు దిగాక ఎంత దూరం నడవాలి, ఆ దారిలో దీపాలున్నాయా, తెరిచిన దుకాణముందా, అవి అడుగు. ముంబయిలో ఆడవాళ్ల కోసమే 1992లో ప్రత్యేకంగా ఒక లోకల్ రైలు వేశారు. అక్కడ ఆడవాళ్ల డబ్బాలో రాత్రిపూట కూడా కొలువుల నుంచి ఇళ్లకు పోయేవాళ్లుంటారు. కూరగాయలు అక్కడే తరుక్కుంటారు. ఆ గుంపే వాళ్లకు కాపలా. ఢిల్లీలో మెట్రో మొదటి పెట్టె 2010 నుంచి ఆడవాళ్లదే. పెట్టెలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, కానీ చలికాలం సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. స్టేషన్ దిగి గల్లీలోకి నడిచే ఆ కాస్త దూరమే చూసుకోవాలి. చెన్నైలో దిగేముందు నాలుగు తమిళం ముక్కలు నేర్చుకో. ఆటో అతనికి దారి నువ్వే చెప్పగలిగితే, ఈ పిల్లకు ఊరు తెలుసులే అనుకుంటాడు. బెంగళూరులో ఎటు తిరిగినా తెలుగే వినబడుతుంది. అక్కడే కాస్త ఎక్కువ పైలంగా ఉండమంటాను. మన భాష మాట్లాడాడని మనవాడైపోడు.

పైలం అంటే భయపడమని కాదు, అది కూడా తప్పుగా అర్థం చేసుకోకు. పొంగే పాల దగ్గర నిలబడ్డట్టు ఉండటం. పాలకు భయపడి పొయ్యి ఆర్పేస్తామా?

హాస్టల్ చూసుకునేటప్పుడు వైఫై ఉందా అని అడుగుతావు, రెండో మెట్లదారి ఉందా అని అడగవు. కిటికీకి ఊచలు బిగించేసి, ఉన్న ఒక్క గేటుకీ రాత్రి తాళం వేసి, తాళంచెవి పట్టుకుని వార్డెన్ ఇంటికి పోయే హాస్టళ్లు నేను చూశాను. భద్రత పేరుతో పిల్లల్ని పెట్టెలో పెట్టి మూసినట్టు ఉంటుంది. రేపు మంటలొస్తే? 2024 జులైలో ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో, సివిల్స్ కోచింగ్ నడిచే ఒక భవనం బేస్‌మెంట్‌లోకి వాననీళ్లు దూసుకొచ్చి ముగ్గురు పిల్లలు పోయారు. వాళ్లలో ఇద్దరు ఆడపిల్లలు. ఆడపిల్ల భద్రత అనగానే మనకు మగవాళ్లే గుర్తొస్తారు. మెట్లు, తలుపులు, కరెంటు తీగలు ఎవరూ చూడరు. నువ్వు చూడు. అద్దె అడ్వాన్సు ఇవ్వకముందే చూడు, తొందరపడకు.

పెద్ద ఊళ్ల గురించి ఇంత చెబుతున్నానని మన ఊరు చల్లటి నీడ అనుకోకు. హైదరాబాద్ నుంచి రాత్రి ప్రైవేటు బస్సెక్కుతావు. అది విజయవాడ పోయే బస్సు, ఊళ్లోకి రాదు. పన్నెండింటికి సూర్యాపేట బైపాస్ మీదో, కోదాడ బైపాస్ మీదో దించేసి పోతుంది. హైదరాబాద్‌లో అంతసేపు జాగ్రత్తగా తిరిగిన పిల్ల, సొంత ఊరి పొలిమేరలో చీకట్లో ఒంటరిగా నిలబడుతుంది. పైగా "నిద్ర చెడగొట్టడమెందుకు, నేనే వస్తాలే" అని నాన్నకు చెప్పదు. ఎవరి నిద్ర చెడుతుందే? నువ్వొచ్చేదాకా ఆయన ఎట్లాగూ పడుకోడు. ఆర్టీసీ బస్సయితే బస్టాండు లోపలికే వస్తుంది. అరగంట ఆలస్యమైనా అదెక్కు. మిర్యాలగూడ వాళ్లు రైల్లో వస్తారు, స్టేషన్‌లో వెలుతురుంటుంది, పదిమందీ ఉంటారు. రైల్లో ఏదైనా ఇబ్బందయితే 139కి ఫోన్ చెయ్యి. ఇంకో సంగతి, టికెట్ లేదని ఒంటరి ఆడమనిషిని రాత్రిపూట దారిలో ఏ చిన్న స్టేషన్‌లోనో దించెయ్యడానికి లేదు, రైల్వే చట్టమే ఒప్పుకోదు. అది తెలుసుకుని ఉండు. టికెట్ కొనడం మానమని కాదు సుమా.

మిర్యాలగూడ అన్నాను కనుక ఆ మాట కూడా చెప్పకుండా దాటలేను. 2018 సెప్టెంబరు 14న, పట్టపగలు, ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న కుర్రవాణ్ని గర్భిణి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. కులం కాని పిల్లవాణ్ని చేసుకోవడమే ఆ అమ్మాయి చేసిన నేరం. పోలీసులు మొదటి నిందితుడిగా పెట్టింది ఆ పిల్ల తండ్రిని. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అప్పటి నుంచీ "బయటివాళ్లతో జాగ్రత్త" అని పిల్లలకు చెప్పబోతే నా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా తెలిసినవాళ్లు చేసినవేనని ప్రభుత్వ నేర రికార్డులే ఏటేటా చెబుతున్నాయి. కనుక ఇంట్లో చెప్పు అని నేనంటున్నానే, ఆ ఇల్లే భయమైతే? అప్పుడూ చెప్పకుండా ఉండకు. మీ మేనత్తో, టీచరో, స్నేహితురాలి తల్లో, నీ వైపు నిలబడే మనిషిని ముందే ఒకరిని చూసిపెట్టుకో. ఎవరూ లేరనుకో, 181 ఉంది, అది ఆడవాళ్ల కోసమే పెట్టిన నంబరు. హైదరాబాద్‌లో 2014లో మొదలైన షీ టీమ్స్ ఇప్పుడు మన జిల్లాల్లోనూ ఉన్నాయి.

చెప్పినా వినేవాళ్లు లేకపోతే అంటావా? అదీ జరిగింది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర అత్యాచారానికి, హత్యకు బలైన ఆ డాక్టరు పిల్ల, అంతకు కాస్త ముందే భయంగా ఉందని చెల్లెలికి ఫోన్ చేసింది. చెయ్యాల్సిందే చేసింది. ఇంటివాళ్లు స్టేషన్‌కు పరుగెత్తితే, ఇది మా పరిధి కాదని తిప్పారు. తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. చెల్లికి కాకుండా 100కి చేసి ఉండాల్సిందని కొందరు పెద్దమనుషులు అన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ ఆరలేదు. భయమేసినప్పుడు మనసు మనవాళ్లనే వెతుక్కుంటుంది, అది తప్పెట్లా అవుతుంది? అయినా ఆ కోపంతో పాటే ఒక అలవాటు చేసుకో. ముందు 112, ఆ వెంటనే ఇల్లు. పరిధి కాదని ఎవరైనా అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమని గట్టిగా అడుగు. ఏ స్టేషన్ అయినా రాయాల్సిందే, 2024 జులై నుంచి కొత్త చట్టంలోనే రాసిపెట్టారు.

మన జిల్లా ఆడపిల్లను ఎవరైనా "నీకెందుకు ఈ తిరుగుళ్లు" అంటే మల్లు స్వరాజ్యం పేరు చెప్పు. తుంగతుర్తి దగ్గర కరివిరాల కొత్తగూడెం ఆమెది. ఇరవై ఏళ్లు నిండకముందే తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టుకుని తిరిగింది. పట్టించినవాళ్లకు 10,000 రూపాయలిస్తామని సర్కారు చాటింపు వేసింది. ఆ రోజుల్లో పదివేలంటే ఎంతో ఊహించుకో. ఆమెను జనం కడుపులో పెట్టుకుని దాచారు. తర్వాత 1978లో, 1983లో ఎమ్మెల్యేగా గెలిచింది, 2022లో కన్నుమూసేదాకా మాట తగ్గించలేదు. అంత ధైర్యవంతురాలు కూడా ఒంటరిగా తిరగలేదు బిడ్డా. వెంట దళం ఉండేది. ఊరూరా ఆమె కోసం తలుపు తీసే ఇళ్లుండేవి. స్వతంత్రంగా తిరగడమంటే ఎవరూ తోడు అక్కర్లేదనుకోవడం అని మీకు ఎవరు నేర్పారో గానీ, ఆమె జీవితం అట్లా లేదు.

నీకూ ఒక దళం కావాలి. గదిలో ఉండే పిల్ల, ఆఫీసులో ఒక అక్క, వీధి చివర ఇడ్లీబండి ఆమె. రోజూ పలకరిస్తే, నువ్వు ఒక రోజు కనబడకపోతే అడుగుతుంది. నడుస్తున్నప్పుడు చెవుల్లో ఆ పాటలు తీసెయ్యి. ఫోన్లో చార్జింగ్ ఉంచు. ఎక్కిన బండి నంబరు ఒకరికి పంపు. పంపమంటే "నేనేం చిన్నపిల్లనా" అంటావు. పెళ్లయి పిల్లలున్న మీ నాన్న కూడా విజయవాడ చేరగానే నాకు ఫోన్ చేస్తాడు. ఆయన చిన్నపిల్లవాడా?

ఏదైనా జరిగితే నేను తిట్టననుకోకు. తిడతాను, నా నోరు నీకు తెలియంది కాదు. తిట్టుకుంటూనే తొలి బస్సెక్కి నీ దగ్గరికొస్తాను. నీ చదువు, నీ కొలువు మాత్రం ఎవరినీ ఆపనివ్వను. లెక్కలు బాగా వచ్చిన ఆ పిల్ల ముఖం ఇంకా నా కళ్ల ముందే ఉంది.

అదిగో, హారన్. ఆధార్ కార్డు పర్సులో పెట్టుకున్నావా, కండక్టర్ అడిగితే సంచంతా గుమ్మరించొద్దు. సకినాల డబ్బా పైనే పెట్టాను, పక్కసీటు ఆమెకూ రెండు పెట్టు. ఎల్బీ నగర్‌లో దిగగానే ఒకసారి, గది తలుపు గడియ పెట్టుకున్నాక ఒకసారి ఫోన్ చెయ్యి. పడుకున్నానేమోనని మొహమాటపడకు, ఫోన్ దిండు కిందే ఉంటుంది. ఊ, ఇప్పుడు సరిగ్గా చెప్పు. ఏమనాలి?