పూర్తి పేరు

ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డు మీద సీడీఎఫ్‌డీ ఉంది. సెంటర్ ఫర్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్. ఒకప్పుడు మా నాచారంలోనే, ఈసీఐఎల్ రోడ్డులో ఉండేది. దేశంలో ఏ మూలనో ఒక కోర్టులో 'ఈ బిడ్డకి తండ్రెవరు?' అన్న ప్రశ్న లేస్తే, జవాబు కోసం నమూనాలు ఈ సంస్థకి వస్తాయి. చుట్టుపక్కల కాలనీల్లో టూలెట్ బోర్డుల కింద నిలబడి ఇంటి ఓనర్లు కూడా దాదాపు ఇదే ప్రశ్న అడుగుతుంటారు. వాళ్లకి రక్తం అక్కర్లేదు, జడ్జిగారి ఉత్తర్వూ అక్కర్లేదు. "పూర్తి పేరు చెప్పు బాబూ" అంటే పనైపోతుంది.

ల్యాబు అడిగేది చాలా ఇరుకైన ప్రశ్న. ఈ బిడ్డ వీళ్లకి పుట్టిందా లేదా, అంతే. జవాబు రాసిన కాగితంలో ఇంకేమీ ఉండదు. ఓనరు ప్రశ్న వినడానికి చిన్నదే గానీ కడుపు పెద్దది. నేను ఏం వండుకుంటాను, మా ఇంటికి ఎవరొచ్చి పోతుంటారు, నాకు మంచినీళ్లు ఏ గ్లాసులో ఇవ్వాలి, అన్నీ ఆ నాలుగక్షరాల్లో ఆయనకి దొరికిపోవాలి. పేరు చెప్పి ఊరుకుంటే "అది కాదు, ఇంటిపేరు" అంటారు. ఇంటిపేరుతో కూడా తేలకపోతే కాస్త నసిగి, "అంటే... మీరు ఎవరోళ్లు?" అంటారు. నసగడం మాత్రం సిటీ నేర్పిన మర్యాద.

విడిగా చూస్తే తెలుగు ఇంటిపేర్లు ఎంత అమాయకంగా ఉంటాయో. గుమ్మడి, వంకాయల, పెరుగు, చింత, తాళ్ల, బండి. కొన్ని ఊళ్ల పేర్లు, కొన్ని ఉద్యోగాల పేర్లు: కరణం, దేశ్‌ముఖ్, దేశ్‌పాండే. 'ఉప్పల' అనే ఇంటిపేరు కూడా ఉంది. అంతమాత్రాన వాళ్లంతా మన ఉప్పల్ నుంచే కదిలారనుకోవడానికి లేదు. కమలాపూర్ మండలంలో ఇంకో ఉప్పల్ ఉంది, దానికి రైల్వే స్టేషన్ కూడా ఉంది. ఒకే ఇంటిపేరు రెండు మూడు కులాల్లో కనిపించడం మామూలే. అలాంటప్పుడు ఓనరు మన ఊరి పేరు అడుగుతాడు, ఆ తర్వాత మేనమామలది ఏ ఊరంటాడు. ఓపికున్న పరిశోధకుడు.

మా నాన్న జనగామ వైపు నుంచి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకి పనికొచ్చినప్పుడు ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించేశాడు. ఎందుకని అడిగితే "హాజరు పట్టీల గడి చిన్నగుంటది బిడ్డా, అక్షరం చాలు" అనేవాడు. గడి నిజంగానే చిన్నదేమో. కానీ అదే పట్టీలో కొందరి ఇంటిపేర్లు మాత్రం పూర్తిగా పట్టేవని ఆయనే ఇంకోసారి నవ్వుతూ చెప్పాడు. తమిళనాడులో ఆత్మగౌరవ ఉద్యమం పేరు చివరి కులం తోక కత్తిరించమని బహిరంగంగా పిలుపునిచ్చింది. మా నాన్న ఏ ఉద్యమంలోనూ లేడు. ఒంటరిగా, చడీచప్పుడు లేకుండా కత్తిరించుకున్నాడు.

ఈ పాటికి మీలో కొందరు నా ఇంటిపేరు ఏమై ఉంటుందా అని లెక్కలు కడుతుంటారు. జనగామ, నాచారం, ఫ్యాక్టరీ. క్లూలు ఇచ్చాను, పేరు ఇవ్వను.

ఇంగ్లండులో ఇంటిపేరు మూలాలు వెతకడం చాలామందికి ఆదివారం మధ్యాహ్నపు సరదా. చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు, సమాధి రాళ్లు. స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ. అయినా ఈ రోజు లండన్‌లో స్మిత్ అనే మనిషికి ఇల్లు అద్దెకిచ్చేవాడు కమ్మరి కొలిమి గురించి ఆలోచించడు. ఆ పేరులోని వృత్తి ఎప్పుడో చల్లారింది. చల్లారిన బూడిదని కెలికితే చేతులు కాలవు కాబట్టి అది సరదా అయింది. (బయటి నుంచి వచ్చినవాళ్ల పేర్ల సంగతి అక్కడ కూడా వేరే.)

ఆ సరదాలో ఒక మంచి కథ ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయన్ సైక్స్ అనే జన్యుశాస్త్రవేత్త ఉండేవాడు. సైక్స్ అంటే ఉత్తర ఇంగ్లండు మాటల్లో చిన్న వాగు, పొలం గట్టు పక్కన పారే కాలువ. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుకుకి వస్తుంది, వై క్రోమోజోమూ అలాగే వస్తుంది. మరి రెండూ కలిసే నడుస్తున్నాయా? ఆయన తన ఇంటిపేరే ఉన్న అపరిచితులకి ఉత్తరాలు రాసి నమూనాలు తెప్పించుకున్నాడు. 2000లో అచ్చయిన ఫలితం ప్రకారం దాదాపు సగం మందిలో ఒకే వై క్రోమోజోమ్ గుర్తు కనిపించింది. అంటే వాళ్లందరి వెనక ఒకే పెద్దాయన ఉండి ఉండాలి. మిగతా సగం మాటేమిటి? తరానికి వందలో ఒకటి కంటే కొంచెం ఎక్కువ సార్లు తాడు తెగినా చాలు, ఏడెనిమిది వందల ఏళ్లలో లెక్క అక్కడికి చేరుతుందని ఆయన అంచనా. దత్తతలు, తల్లి ఇంటిపేరు పెట్టుకున్నవాళ్లు, బయటికి చెప్పని పుట్టుకలు. రాజులకీ తప్పలేదు. 2012లో లెస్టర్‌లో కార్ పార్కింగ్ కింద దొరికిన మూడో రిచర్డ్ ఎముకల డీఎన్‌ఏ, ఆడవాళ్ల వరస వైపు బంధువులతో కలిసింది. మగ వరస వారసులతో కలవలేదు.

నాకు ఇందులో నచ్చింది రంకుల లెక్క కాదు. వంశవృక్షం అని మనం గోడకి తగిలించుకునేది నిజానికి చెట్టు కూడా కాదు, ఒక్క కొమ్మ. పది తరాలు వెనక్కి వెళితే నాకు 1024 మంది పెద్దలు ఉండాలి (చుట్టరికంలో పెళ్లిళ్లు చేసుకునే మనలాంటి చోట ఇంకా తక్కువే). ఇంటిపేరు వాళ్లలో ఒక్కడినే చూపిస్తుంది. మిగతా అందరూ ఏమైనట్టు?

ఏమైనట్టో హైదరాబాదులోనే చూడొచ్చు. కిర్క్‌పాట్రిక్ అనే ఇంటిపేరు తీసుకోండి. స్కాట్లండు పేరు, పాట్రిక్ మహాత్ముడి గుడి అని అర్థం. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుంచి 1805 దాకా ఇక్కడ బ్రిటిష్ రెసిడెంటు. ఖైరున్నిసాని పెళ్లాడాడు. కొడుకు సాహెబ్ ఆలం, కూతురు సాహెబ్ బేగం. అయిదేళ్లు కూడా నిండని ఆ పిల్లలిద్దరినీ 1805లో మద్రాసులో ఓడెక్కించి ఇంగ్లండు పంపేశారు. అదే ఏడాది తండ్రి కలకత్తాలో చనిపోయాడు. లండన్‌లో బాప్తిస్మం ఇచ్చి పిల్లలకి విలియం జార్జ్ కిర్క్‌పాట్రిక్, కేథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్ అని పేర్లు పెట్టారు. తల్లి 1813లో పోయింది, వాళ్లని మళ్లీ చూడలేదు. ముప్ఫై ఏళ్లకి పైగా గడిచాక కూతురికీ, హైదరాబాదులో ఇంకా బతికే ఉన్న అమ్మమ్మకీ మధ్య ఉత్తరాలు నడిచాయి. ఇంటిపేరు పట్టుకుని వెతికేవాడు ఈ పిల్లల మూలాల కోసం స్కాట్లండు చేరతాడు. కోఠీ మాత్రం చేరలేడు.

రాజ్యాంగం 366వ అధికరణంలో ఆంగ్లో-ఇండియన్ నిర్వచనం కూడా ఇదే కొమ్మ పట్టుకుంది: తండ్రో, మగ వరసలో పూర్వీకుడో యూరోపియన్ అయి ఉండాలి. నాచారం నుంచి కాస్త దూరంలోనే లాలాగూడ, మెట్టుగూడ. రైల్వేని నమ్ముకున్న ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు తరాలుగా బతికిన చోటు. అక్కడి ఇంగ్లీషు ఇంటిపేర్ల వెనక ఎందరు తెలుగు, తమిళ, దక్కనీ అమ్మమ్మలు ఉన్నా, చట్టం అడిగింది తాతల సంగతే. ఆ నిర్వచనం మీద ఆధారపడిన నామినేటెడ్ సీట్లు 2020 జనవరితో ఆగిపోయాయి. నిర్వచనం మాత్రం అక్కడే ఉంది.

మరి ఎవరూ ఏదీ వెతకొద్దా? అలా అనలేను. నారాయణ్ దత్ తివారీ మన రాజ్‌భవన్‌లో గవర్నరుగా ఉన్న రోజుల్లోనే, 2008లో, రోహిత్ శేఖర్ అనే యువకుడు ఆయనే తన తండ్రి అని ప్రకటించమంటూ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాడు. తివారీ నమూనా ఇవ్వడానికి ఒప్పుకోలేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి చివరికి ఇవ్వక తప్పలేదు. పరీక్ష చేసింది మన సీడీఎఫ్‌డీనే. 2012 జులై 27న హైకోర్టులో కవరు విప్పారు, తండ్రి ఆయనే. ఆ కొడుక్కి నేను 'మూలాలు ఎందుకయ్యా' అని నీతి చెప్పగలనా? తన గురించిన నిజం తనకి దక్కాలి.

అక్కడే నాకు ఒక గీత కనిపిస్తుంది. నా పుట్టుక గురించి తెలుసుకునే హక్కు నాది. దాన్ని అడిగే హక్కు పక్కవాడికి లేదు. రెండూ ఒకే హక్కు అన్నట్టు మనం మాట్లాడుతుంటాం, 'తెలిస్తే తప్పేంటి' అని. ఎవరికి తెలిస్తే? 2023లో ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు, దంపతుల తగువు కోసం పిల్లవాడికి డీఎన్‌ఏ పరీక్ష చేయించడానికి ఒప్పుకోలేదు. ఆ సమాచారం మీద పిల్లవాడికీ గోప్యత ఉందంది. అంతకుముందు ఏడాది, ఆకెళ్ళ లలిత వర్సెస్ కొండా హనుమంతరావు కేసు అచ్చంగా మన ఇంటిపేర్లదే. బిడ్డ నెలల వయసులో ఉండగా భర్త పోయాడు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది, బిడ్డకి కొత్త ఇంటి పేరు పెట్టింది. తాత, నాయనమ్మ కోర్టుకి వెళ్లారు. పాత ఇంటిపేరే ఉంచాలనీ, రికార్డుల్లో రెండో భర్తని సవతి తండ్రి అని రాయాలనీ హైకోర్టు అంది. 2022 జులై 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సవతి తండ్రి అని రాయించడం క్రూరమంది. ఇంటిపేరు ఎంచే అధికారం తల్లికి ఉందంది.

తీర్పు సరైనదే అనుకుంటాను. అయినా ఆ తాతా నాయనమ్మలు నా మనసులోంచి పోరు. కొడుకు పోయాడు, మిగిలిన గుర్తు ఆ పేరొక్కటే. వాళ్లని కులపిచ్చి వాళ్లలా చూడటం అన్యాయం. వాళ్ల దుఃఖం న్యాయమైనదే, దాన్ని మోయాల్సిన పని మాత్రం పిల్లవాడిది కాదు.

నా గీత దాటి రావడానికి అర్హత ఉన్నవాళ్లు ఒకరున్నారు, ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్లు. వైశ్యుల్లో ఒక ఎంజైము లోపం మామూలుకన్నా చాలా ఎక్కువ, దానివల్ల కొన్ని మత్తు సంబంధ మందులు వాళ్లకి ప్రమాదం. తరతరాలు లోపలే పెళ్లిళ్లు చేసుకున్న ఫలితం. ఆ డాక్టరు అడిగితే చెప్పాలి. ఆయన జవాబుని మందు మోతాదు కోసం వాడతాడు, గ్లాసు కోసం కాదు.

ఇంకోవైపు, దాచుకోవడమే గౌరవం అని కూడా అనలేను. 1994లో దండోరా ఉద్యమం మొదలయ్యాక ఎందరో తమ పేరు పక్కన మాదిగ అని తామే రాసుకున్నారు. ఎవరూ అడగకముందే, పెద్దక్షరాల్లో. మా నాన్న కత్తిరించిందీ, వాళ్లు అతికించిందీ చూడ్డానికి ఎదురెదురు పనులు. రెండిటిలోనూ కత్తెర వాళ్ల చేతిలోనే ఉంది.

మా పిన్ని కూతురు మల్లాపూర్‌లో ఉంటుంది. వాళ్లది కులాంతరం. ఎనిమిది నెలల క్రితం పాప పుట్టింది. బర్త్ సర్టిఫికెట్‌లో పాప పేరు గడి ఇంకా ఖాళీ. అబ్బాయి వాళ్లమ్మ వాళ్ల ఇంటిపేరే పెట్టాలంటుంది, మా పిన్ని నోరు విప్పి ఏమీ అనదు గానీ అలిగింది. రెండూ కలిపి పెడదామా, ఏదీ లేకుండా పెడదామా అని వాళ్లిద్దరూ నన్నడిగారు. ఏదీ లేకుండా పెడితే రేపు పాస్‌పోర్టు ఫారంలో ఇబ్బంది పడుతుందేమో అని అబ్బాయి భయం. మా నాయనమ్మ పుట్టింటి పేరు పెట్టండి, అది ఎవరూ వాడట్లేదు కదా అన్నాను. నవ్వారు. ఆ తర్వాత మా చెల్లె "ఇంతకీ అదేంటన్నా?" అంది. నాకు తెలీదు. మా నాన్నకి ఫోన్ చేస్తే ఆయనకీ గుర్తు రాలేదు, ఊళ్లో ఒక ముసలాయన ఉన్నాడు, అడిగి చెప్తానన్నాడు. రుసుము లేకుండా పేరు చేర్చడానికి ఏడాది గడువు, ఇంకా నాలుగు నెలలుంది.