పిలిచి పీట వెయ్యని చోట

అమ్మడూ,

మాస్టొడాన్‌లో చేరి వారమైంది మామయ్యా, అక్కడ నరమానవుడు కనిపించడం లేదు అని రాశావు. అమీన్‌పూర్ చెరువుకి చీకట్నే లేచి వెళ్లి తీసిన లకుముకి పిట్ట ఫొటో పెడితే రెండే లైకులు వచ్చాయనీ, అందులో ఒకటి నాదేననీ కూడా రాశావు. నిజమే, ఒకటి నాదే. ఖాతా మూసేస్తానంటున్నావు. మూసేద్దువుగాని, తొందరేముంది? ఈ ముసలాడు చెప్పేది కాస్త విను.

అక్కడ మనుషులు లేకపోవడం కాదు, నిన్ను తీసుకెళ్లి వాళ్లకు చూపించేవాళ్లు లేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిస్తే నీ ఫోన్లో ఉన్న నంబర్లు అడిగి పుచ్చుకుని, కాలేజీ స్నేహితుల్నీ దూరపు చుట్టాల్నీ వరసగా నిలబెడుతుంది. ఒక పిట్ట బొమ్మ మీద నీ వేలు రెండు క్షణాలు ఆగిందంటే సాయంత్రానికల్లా ఇరవై పిట్టల్ని కుమ్మరిస్తుంది. నీ ఫొటోనూ అలాగే ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందుకు తోస్తుంది. ఆ తోసే పని మీదే వాళ్ల ప్రకటనల వ్యాపారమంతా నడుస్తోంది. మాస్టొడాన్‌లో హోమ్ అనే చోట నువ్వు ఫాలో అయినవాళ్లు రాసినవి, రాసిన వరసలో వస్తాయి. నువ్వు ఫాలో అయింది నలుగురిని. అందులో ఇద్దరు ఏడాదిగా నోరు విప్పినట్టు లేదు. ఖాళీగా కాక ఇంకెలా ఉంటుంది?

లైకుల సంగతీ అంతే. అక్కడ లైకు కొట్టడమంటే రాసినవాళ్లకి ‘చూశాను, బాగుంది’ అని చెప్పడం. దానివల్ల ఆ ఫొటో పెద్దగా ఎక్కడికీ పోదు. పోవాలంటే ఎవరో ఒకరు బూస్ట్ చెయ్యాలి, అంటే తమను ఫాలో అయ్యేవాళ్లకి పంచాలి; లేదా హ్యాష్‌ట్యాగ్ పట్టుకుని వెతుక్కుంటూ రావాలి. నువ్వు ఒక్క హ్యాష్‌ట్యాగూ పెట్టలేదు, నీ గురించి ఒక్క ముక్కా రాసుకోలేదు, పేరు పక్కన బొమ్మ కూడా లేదు. ఇక నిన్ను ఎవరు కనుక్కుంటారే?

ఈ ఖాళీని నేను పాతికేళ్ల వయసులోనే చూశాను. 1990లలో అమెరికాలో చదువుకుంటున్నప్పుడు యూజ్‌నెట్ అని ఉండేది. దానికి యజమాని లేడు. యూనివర్సిటీకో సర్వరు. తన దగ్గరికి వచ్చిన ఉత్తరాన్ని ఒక్కో సర్వరూ పక్కదానికి అందించేది, అది ఇంకోదానికి. అందులో తెలుగువాళ్లకని సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు అనే గుంపు ఉండేది. తెలుగు లిపి తెర మీద కనబడని రోజులు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టేవాళ్లం. చిన్న ‘టి’ అయితే త, పెద్ద ‘టి’ అయితే ట; చిన్న ‘ఎన్’ న, పెద్ద ‘ఎన్’ ణ. రైస్ యూనివర్సిటీ పేరు మీద దాన్ని ఆర్‌టీఎస్ అనేవాళ్లు. ఆ రాతలోనే పద్యాలూ, వంటలూ, కొట్లాటలూ అన్నీ నడిచాయి. పరాయి దేశంలో చలిలో కూర్చుని ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అని వాదించుకున్నవాళ్లం మేము. నేను రాసిన మొదటి ఉత్తరానికి ఒక్కరూ బదులివ్వలేదు. ఇంకొకరు అడిగినదానికి నేను బదులిచ్చిన రోజు నుంచే నా పేరు వాళ్లకు తెలిసింది.

ఆ యూజ్‌నెట్‌లో ఏటా సెప్టెంబరు అంటే పాతవాళ్లకు గుండె దడ. కాలేజీలు తెరవగానే కొత్త పిల్లలు వచ్చి పడేవాళ్లు. విసుక్కుంటూనే పద్ధతులు నేర్పేవాళ్లు, కొన్నాళ్లకు అంతా సర్దుకునేది. తర్వాత అమెరికా ఆన్‌లైన్ లాంటి కంపెనీలు తమ చందాదారులందరికీ తలుపులు తెరిచాయి. వచ్చేవాళ్లు రావడం ఆగలేదు, నేర్పేవాళ్లకు ఓపికా మిగల్లేదు. 1993 సెప్టెంబరు ఇంకా ముగియలేదని పాతకాపులు ఇప్పటికీ అంటారు.

మాస్టొడాన్‌కీ ఇలాంటి సెప్టెంబర్లు తగిలాయి. దాన్ని యూజెన్ రోచ్కో అనే జర్మనీ కుర్రాడు 2016లో మొదలుపెట్టాడు. మూడేళ్ల తర్వాత, 2019 నవంబరులో, మన దేశం నుంచే ఒక గుంపు కదిలింది. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసింది. హిట్లర్ కాలంలో హాంబర్గ్ ఓడల కర్మాగారంలో జనమంతా చెయ్యెత్తి నాజీ సెల్యూట్ కొడుతుంటే ఒక్కడు మాత్రం చేతులు ముడుచుకు నిలబడ్డ పాత ఫొటో ఉంది చూడు, దాన్ని పెట్టుకున్నందుకు మొదలైంది ఆ గొడవ. కోపంతో చాలామంది మాస్టొడాన్‌కి వచ్చారు. కోపం చల్లారాక చాలామంది వెనక్కి పోయారు. అసలు వరద 2022 అక్టోబరు 27న ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ని కొన్న తర్వాతిది. నెలకు సుమారు 3 లక్షల మంది వాడే చోట నవంబరుకల్లా 25 లక్షల మంది చేరారు. వాళ్లలోనూ చాలామంది నీలాగే ‘ఇక్కడెవరూ లేరు’ అనుకుని వెళ్లిపోయారు. అంతమంది ఒకేసారి, ఒకే గదిలో, ఎవరూ లేరనుకున్నారు! ఉండిపోయినవాళ్లను గమనించాను. సొంతంగా రాసినదానికన్నా వాళ్లు ఇతరులకు బదులిచ్చిందే ఎక్కువ.

నువ్వూ ఒక నెలపాటు ఆ పని చేసి చూడు. ఫొటోలు పెట్టడం తగ్గించు, పలకరించడం పెంచు. మనిషిని ఫాలో అయినట్టే అక్కడ హ్యాష్‌ట్యాగ్‌నీ ఫాలో కావచ్చు. పక్షులవాళ్లకి ‘బర్డ్స్ ఆఫ్ మాస్టొడాన్’ అని ఒకటుంది, అది పెట్టుకో. ఎక్కడో ఇంగ్లండులో ఒకావిడ తన పెరట్లో గూడు గురించి రాస్తే, మన తేనెపిట్ట గూడు ఎలా వేలాడుతుందో నువ్వు రెండు ముక్కలు రాయి. ‘నైస్’ అని ఊరుకోకు, నీకు తెలిసింది చెప్పు, తెలియంది అడుగు. ఇన్నాళ్లూ ఫొటో పెట్టి అంకెలు పెరగడం చూస్తూ కూర్చోవడం అలవాటైంది నీకు. ఆ అంకెలు ఇక్కడ పెరగవు కాబట్టి చేతులు ఖాళీ అనిపిస్తోంది. అది నీ తప్పూ కాదు, ఆ చోటు తప్పూ కాదు.

ఫొటోకి వివరణ రాయమని ఒకాయన అడిగాడని ఒళ్లు మండిందన్నావు. చూపులేనివాళ్లు ఫోనుతో చదివించుకుని వింటారే. వాళ్లకి నీ లకుముకి పిట్ట ఎలా తెలియాలి? ‘ఎండిన తుమ్మకొమ్మ మీద లకుముకి పిట్ట, ముక్కున చేప’ అని రాస్తే చాలు, పది క్షణాల పని. వివరణ లేని బొమ్మను బూస్ట్ చెయ్యనివాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. ఆయన అడిగిన తీరు కటువుగా ఉండి ఉండొచ్చు, కాదనను. కొత్తవాళ్లు కనబడితే బెత్తం తీసే పంతుళ్లు అక్కడ బోలెడుమంది. మరీ విసిగిస్తే మ్యూట్ నొక్కు. వివరణ మాత్రం రాయి.

సర్వరు సంగతి చెప్పాలి. యూజ్‌నెట్ లాగే మాస్టొడాన్ కూడా ఒకదానికొకటి కబుర్లు అందించుకునే సర్వర్ల గుంపే. నువ్వు యాప్ చూపించిన పెద్ద సర్వరులోనే చేరావు. మొదటిసారికి ఫరవాలేదు. సర్వరులో చేరడమంటే ఇంట్లో వాటా అద్దెకి తీసుకోవడం లాంటిదే. ఊళ్లో ఎవరితోనైనా మాట్లాడవచ్చు, కాని ఓనరు ఎలాంటివాడో చూసుకుని దిగాలి. నియమాలు ముందే చదువు. బూతులు రాసేవాణ్ణి బయటికి పంపేదీ, ఇంకో సర్వరుతో రాకపోకలు తెంచేదీ ఆ నడిపేవాళ్లే. చాలాచోట్ల వాళ్లు జీతం లేకుండా, విరాళాల మీద నెట్టుకొస్తున్నవాళ్లు. అలసిపోయి మూసేసినవాళ్లూ ఉన్నారు. అందుకే మాస్టొడాన్ అధికారిక జాబితాలోకి రావాలంటే కనీసం మూడు నెలల ముందు చెప్పకుండా మూసెయ్యబోమని ఒప్పుకోవాలి. ఆ జాబితాలో ఉన్నదాన్నే చూసుకో. వీలైతే ఏడాదికి ఒక సినిమా టికెట్టంత డబ్బు వాళ్లకి పంపు.

ముందుముందు ఇంకోచోటికి మారాలనిపిస్తే ఫాలోయర్లు నీ వెంట వస్తారు, పాత రాతలు రావు. వాటిని డౌన్‌లోడ్ చేసి దాచుకోవచ్చు. ఇది లోటే. అయినా కూ యాప్ సంగతి గుర్తు తెచ్చుకో, తెలుగులోనూ రాసుకోవచ్చని ఎంత హడావిడి చేశారో. 2024 జూలైలో మూతబడింది. ఫాలోయర్లను వెంటబెట్టుకుని వెళ్లి దిగడానికి ఇంకో కూ లేదు.

ఎవరి పేజీకో వెళ్తే ఒక్క పోస్టూ లేదు, మోసం ఖాతానేమో అన్నావు. కాదు. వేరే సర్వరు మనిషిని నీ సర్వరులో అంతవరకు ఎవరూ ఫాలో కాకపోతే ఆయన పాత రాతలు నీ వైపుకి చేరి ఉండవు. అసలు పేజీ తెరిచి చూడు, ఏళ్ల తరబడి రాసిన సరుకు ఉండొచ్చు. లైకుల అంకె కూడా అందుకే ఒక్కో సర్వరులో ఒక్కోలా కనిపించవచ్చు. ఇది చూసి విసుగొస్తుందంటే మాస్టొడాన్‌ని వెనకేసుకురాను, చిరాకే అది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ప్రైవేట్ మెన్షన్ అని ఉంటుంది, పేరు చూసి నమ్మకు. దానికి తాళం లేదు. నీ సర్వరు నడిపేవాళ్లూ, అవతలి సర్వరువాళ్లూ కావాలనుకుంటే చదవగలరు. అందులో ఇంకొకరి పేరు ప్రస్తావిస్తే ఆ మనిషికీ చేరిపోతుంది. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఎవరి మీదనైనా కోపం, ఇవేవీ అందులో రాయకు. చెరిపేసిన పోస్టు కూడా అన్ని సర్వర్లలో చెరిగిపోయిందని భరోసా లేదు. చెరపమని కబురు వెళ్తుంది, వినకపోతే చేసేదేమీ లేదు.

తెలుగులో రాసేటప్పుడు రాసే పెట్టె దగ్గర భాష ఇంగ్లీషు అని ఉంటే తెలుగుకి మార్చు. తెలుగు రాతలు మాత్రమే చూడాలనుకునేవాళ్లకి అప్పుడే నువ్వు కనిపిస్తావు. ఇంగ్లీషు అని వదిలేస్తే అనువాదం బొత్తాం కూడా తికమకపడుతుంది.

ఇదంతా చదివి ఉత్సాహం వచ్చి ఇంట్లో అందర్నీ అక్కడికి లాక్కురాకు. మీ అమ్మకి వాట్సాప్‌లో చెల్లెళ్లున్నారు, వదినలున్నారు, ఆవిడకి అక్కడ ఏ లోటూ లేదు. మీ నాన్నతో అసలు మాటెత్తకు. ట్విట్టర్‌లో ఆయనకి క్రికెట్ కావాలి, అది మాస్టొడాన్‌లో దొరికేది తక్కువ, నన్ను తిడతాడు. నీ చిరునామా, సర్వరు పేరుతో సహా, నాకు ఇంకోసారి పంపు. ఫోను మార్చాక నాది కొత్త ఖాతా.

నీ మామయ్య