టెంకలో చెట్టు ఉందా?

అవకాడో టెంకకి మూడు టూత్‌పిక్‌లు గుచ్చి, అడుగు సగం మునిగేలా నీళ్ల గ్లాసు మీద నిలబెట్టడం ఇప్పుడు అపార్టుమెంటు కిటికీల్లో తరచూ కనిపిస్తోంది. నెలా నెలన్నరకి టెంక నిలువునా పగులుతుంది. అడుగు నుంచి తెల్లటి వేరు దిగుతుంది, ఆ తర్వాత పగులు మధ్య నుంచి ఎర్రటి మొలక లేస్తుంది. అనాసపండు మీది పిలక కోసి మట్టిలో గుచ్చేవాళ్లు, డ్రాగన్ ఫ్రూట్ గుజ్జులోని నల్ల గింజలు కడిగి చల్లేవాళ్లు, ఖర్జూరం గింజల్ని తడిగుడ్డలో మూటకట్టేవాళ్లు కూడా ఉన్నారు. దీన్ని కాలక్షేపం అనుకుంటే అనుకోవచ్చు. కానీ మన తాత్త్వికులు వెయ్యేళ్లకి పైగా తగువులాడిన ప్రశ్న ఒకటి ఆ గ్లాసులో ఉంది. చెట్టు టెంకలో ముందే ఉందా, లేక కొత్తగా పుడుతోందా? దీనికి ఇచ్చే జవాబుని బట్టే, ఆ మొక్క విషయంలో మన గర్వమూ నిరాశా ఎంతవరకు సబబో తేలుతుంది.

సాంఖ్యులది సత్కార్యవాదం. కార్యం కారణంలో అవ్యక్తంగా ముందే ఉంటుంది, లేనిది పుట్టదు, అలా కాకపోతే దేన్నుంచైనా ఏదైనా పుట్టాలి కదా అని సాంఖ్యకారికలో ఈశ్వరకృష్ణుడి వాదన. కుండ మట్టిలో ముందే ఉంటే ఇక కుమ్మరితో పనేమిటని నైయాయికులు ఎదురు తిరిగారు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతు చేత మర్రిపండు పగలగొట్టించి, అందులోని గింజనీ పగలగొట్టించి, లోపల ఏమీ కనబడలేదని అతను చెప్పాక, కనబడని ఆ సూక్ష్మం నుంచే ఇంత మర్రిచెట్టు నిలిచిందని బోధిస్తాడు. మనలో ఎక్కువమందికి సహజంగా తోచేది ఈ పక్షమే. విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా అన్న సామెత ఉండనే ఉంది. అయితే ఉద్దాలకుడు చెప్పదలచింది ఆత్మ గురించి, తోటపని గురించి కాదు. ఆ ఉపమానాన్ని తెచ్చి మళ్లీ విత్తనానికే అంటగడితే చిక్కు వస్తుంది.

దిగుమతి అయ్యే అవకాడోల్లో ఎక్కువ భాగం హాస్ రకం. దాని పుట్టుక చూడండి. కాలిఫోర్నియాలోని లా హాబ్రా హైట్స్‌లో 1920లలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్, ఊరూ పేరూ తెలియని టెంక నుంచి వచ్చిన మొక్కకి, అప్పట్లో పేరున్న ఫ్యూర్టె రకాన్ని అంటు కట్టించాలని చూశాడు. అంటు పట్టలేదు. సరేనని మొక్కని వదిలేస్తే, పండాక నల్లబడే గరుకు తొక్కతో ఎవరూ ఎరగని కాయ కాసింది. 1935లో పేటెంటు తీసుకున్నాడు. తల్లిచెట్టు 2002లో చచ్చిపోయింది. నేటి హాస్ చెట్లన్నీ దాని కొమ్మల అంటు పరంపరే. ఆ పండు తిని టెంక పాతితే వచ్చేది ఇంకేదో అవకాడో. సామెత సగం నిలుస్తుంది: అవకాడో టెంకకి చింత మొలవదు, కానీ హాస్ టెంకకి హాస్ కూడా మొలవదు. మామిడి మరీ ఇరకాటంలో పెడుతుంది. కొన్ని రకాల్లో, ముఖ్యంగా ఆగ్నేయాసియా మామిళ్లలో, ఒకే టెంక నుంచి రెండు మూడు మొలకలు లేస్తాయి. వాటిలో ఎక్కువ తల్లి కణజాలం నుంచి పుట్టి, అచ్చంగా తల్లికి నకళ్లుగా పెరుగుతాయి. మన బంగినపల్లి టెంకకి మొలక ఒక్కటే, అదీ తల్లి గుణాలతో రాదు. టెంకలో చెట్టు ఉందంటే, ఏ చెట్టు?

ఇక్కడ నాకు సరిగ్గా తోచేది బౌద్ధుల శాలిస్తంబ సూత్రం. వరి మొలకని చూపించి ప్రతీత్యసముత్పాదాన్ని, అంటే ప్రతిదీ ఇతర కారణాలని ఆనుకునే పుడుతుందన్న సిద్ధాంతాన్ని, వివరించే గ్రంథమది. విత్తనం హేతువు. మట్టి, నీరు, వేడి, గాలి, ఆకాశం, రుతువు ప్రత్యయాలు, అంటే తోడ్పడే పరిస్థితులు. మట్టి పట్టి ఉంచుతుంది, నీరు తడుపుతుంది, ఆకాశం అడ్డులేని చోటిస్తుంది. వీటిలో ఏదీ ఇది నా పని అనుకోదు, విత్తనమూ అనుకోదు. అన్నీ కూడితే మొలక, ఒక్కటి తగ్గినా లేదు. కుండీలో అనాసని చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. రెండేళ్లు ఆకులు వేస్తూ పోతుంది తప్ప పూత ఊసెత్తదు. దాని పక్కన బాగా మగ్గిన ఆపిల్ పండు పెట్టి, మొత్తానికీ పాలిథిన్ సంచి తొడిగి కొన్నాళ్లు ఉంచితే, ఆపిల్ వదిలే ఇథిలీన్ వాయువు తగిలి, తర్వాతి నెలల్లో ఆకుల నడుమ ఎర్రటి మొగ్గ బయల్దేరుతుంది. తోటల్లో రైతులు ఎత్రెల్ పోసి చేయించేదీ ఇదే. ఆ పూత అనాసలో ఉందా, ఆపిల్‌లో ఉందా? అడిగిన తీరులోనే తప్పుందని సూత్రం పక్షం.

మరి జన్యువుల మాటేమిటి, చెట్టు నమూనా అంతా గింజలోని డీఎన్ఏలో ఉందిగా, సాంఖ్యుల అవ్యక్తమంటే అదే కదా అని అడగవచ్చు. ఈ వాదానికి గట్టి సాక్ష్యం ఇజ్రాయెల్‌లో దొరుకుతుంది. మసాడా కోట తవ్వకాల్లో 1960లలో బయటపడ్డ ఖర్జూరం గింజల్లో ఒకటి 2005లో కెతూరా అనే చోట మొలిచింది. కార్బన్ పరీక్షలో ఆ గింజలు సుమారు 2000 ఏళ్ల నాటివని తేలింది. మొక్కకి మెతుసెలా అని పేరు పెట్టారు. అన్నేళ్లు ఆ గింజలో ఏదో నిలిచి ఉందని కాదనలేం. కానీ నిలిచింది చెట్టా? ఖర్జూరాన్ని అంతకాలం కాపాడిన ఎడారి పొడే అవకాడో టెంకకి మృత్యువు. బాగా ఎండిపోయిందంటే ఇక మొలవదు. పొడి కూడా ఒక ప్రత్యయమే. జన్యువులు చెప్పేది, ఎలాంటి వెలుగు తగిలితే ఎలా పెరగాలన్నది మాత్రమే. మెక్సికో కొండల్లో 20 మీటర్లు లేచే అవకాడో, హాల్లో మూలన పెడితే వెలుగు కోసం సన్నగా సాగి, కొసన నాలుగాకులతో వాలిపోతుంది. రెండూ ముందే అవ్యక్తంగా ఉన్నాయని సాంఖ్యులు అనవచ్చు. అప్పుడు ఎన్నడూ పుట్టని చెట్లు కూడా గింజలో ఉన్నాయనాలి. అలాంటి ఉనికి ఉన్నా లేకున్నా ఒకటే.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. అన్నీ ప్రత్యయాలే అయితే పెంచే మనిషికి బాధ్యత ఏముంది, మొక్క ఎండితే ఎండాకాలం మీదికి నెట్టెయ్యవచ్చా? దీనికి బౌద్ధం దాకా పోనక్కర్లేదు. గీత 18వ అధ్యాయం ప్రతి పనికీ అయిదు కారణాలు లెక్కపెడుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. తానొక్కడే కర్తనని అనుకునేవాడికి చూపు సరిగా లేదంటుంది, కర్తని మాత్రం జాబితాలోంచి తీసెయ్యదు. నీళ్లు మార్చడం మరిచిపోతే గ్లాసులో వేరు కుళ్లుతుంది, ఆ తప్పు మార్చాల్సిన చేతిదే. అదే చెయ్యి చెట్టుని నేనే పుట్టించానని ఫొటో పెట్టినప్పుడు తన వాటాకి మించి మాట్లాడుతోంది. ఈ మధ్య ఇలాంటి ఫొటోలకి కొదవ లేదు.

కాయని మొక్కకి ఇంత చాకిరీ దేనికన్నది మిగిలింది. గదిలో అవకాడో కాయడం బహు అరుదు. ఆరుబయట నేలలోనే టెంక మొక్క కాపుకి రావడానికి అయిదారేళ్ల నుంచి పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాయడమే టెంకలో దాగిన ఉద్దేశమైతే ఈ మొక్కలన్నీ దండగే. అలాంటి ఉద్దేశమేదీ లోపల దాగి లేనప్పుడు, ఆకులు వేసి ఊరుకున్న మొక్క మనకేమీ బాకీ పడలేదు. కాయలే కావాలంటే నర్సరీకి పోయి అంటు కొనుక్కోండి, టెంకని తిట్టుకోవద్దు. ఖర్జూరంతో అయితే మరో మెలిక ఉంది. గింజ మొక్కల్లో ఇంచుమించు సగం మగవి, పోతుతాడులా ఎన్నేళ్లున్నా కాయవు. మెతుసెలా కూడా మగదే. 2011లో పూసింది, కాయలు లేవు. జెరికో దగ్గర దొరికిన మరో పాత గింజ నుంచి మొలిచిన హన్నా అనే ఆడ చెట్టు పూతకి మెతుసెలా పుప్పొడి అద్దారు. 2020లో హన్నా నుంచి తొలి ఖర్జూరాలు కోశారు.