ఆగినవాళ్ళకే విశ్రాంతి

నలుగురూ కలిసి నడిచేటప్పుడు ఎవరి అడుగు అందరి అడుగు కావాలి? ముందున్నవారిదా, వెనకబడ్డవారిదా? వినడానికి చిన్న ప్రశ్నే. జవాబు చెప్పబోతే మాత్రం ధర్మరాజంతటివాడు గుర్తొస్తాడు. మహాప్రస్థానంలో మొట్టమొదట పడిపోయింది ద్రౌపది. ఎందుకు పడిందని భీముడడిగితే, ఆవిడకు అర్జునుడి మీద పక్షపాతం కనక అని కారణం చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయాడాయన. నోరు కారణం చెప్పింది గాని కాళ్ళు ఆగలేదు. స్వర్గం ముంగిట మాత్రం వెంటవచ్చిన కుక్కను వదలనన్నాడు. తమ్ముళ్ళనీ, భార్యనీ కూడా అడిగాడనుకోండి. కాని అడగడం వేరు, ఆగడం వేరు.

కార్తీకమాసంలో ఓ శని, ఆదివారాలు మా చింతలపూడి ఆడవాళ్ళం పన్నెండుమందిమి కొండలూ అడవులూ తిరిగిరావడానికి బయల్దేరాం. ఇంట్లోవాళ్ళకి రెండురోజులకి సరిపడా పచ్చళ్ళూ పొడులూ అమర్చిపెట్టే వెళ్ళాం లెండి!

శనివారం జీలకర్రగూడెం దగ్గరి గుంటుపల్లి గుహలు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో మొదలైన బౌద్ధక్షేత్రం. రాతిలో తొలిచిన గుండ్రని చైత్యంలోకి వెళ్ళి తలెత్తి చూస్తే, కప్పుకి కర్రవాసాలు పరిచినట్టే ఉంటుంది. వానాకాలం మూడునెలలూ భిక్షువులు తిరగడం మాని ఒకచోట ఉండాలన్నది బౌద్ధంలో నియమం. ఎప్పుడూ నడిచేవాళ్ళకే, ఆగడం కూడా ధర్మమని చెప్పారన్నమాట.

మాలో ఒక పిన్నిగారికి అరవై దాటాయి, మోకాళ్ళనొప్పులు. మెట్లెక్కేటప్పుడు మేమంతా చకచకా వెళ్ళి, ఏ చెట్టునీడనో చతికిలబడి, మంచినీళ్ళు తాగి, కబుర్లాడుకుంటూ ఆవిడకోసం చూసేవాళ్ళం. ఆవిడ రొప్పుతూ వచ్చీరాగానే, "హమ్మయ్య, పిన్నిగారొచ్చారు, పదండి పదండి" అని లేచేవాళ్ళం. మూడోసారో నాలుగోసారో ఆవిడ నవ్వుతూనే అన్నారు: "ఆగింది నాకోసం అంటున్నారు గాని, అలసట తీరింది మీకర్రా!"

లెక్క చూడండి. అందరికంటే ఎక్కువ అలసినావిడకి అందరికంటే తక్కువ విశ్రాంతి. అయినా ఆవిడకోసం ఆగామన్న పుణ్యం మా ఖాతాలో!

ఇది కొండదారిలోనే జరుగుతోందా? పండగపూట అందరికీ వడ్డించి, చివరికి తన కంచం ముందు కూర్చున్న ఇల్లాలిని, అప్పటికే చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్ళు "నీకోసమే ఆగాం, ఇంకా కాలేదా?" అంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. న్యాయమూ లేదు.

ఆదివారం బుట్టాయగూడెం దాటి గుబ్బల మంగమ్మతల్లి దగ్గరికి. ఆ తల్లి గుడి గుహలోనే. ఆ వైపు కొండల్లోనే 2008లో ప్రకటించిన పాపికొండల నేషనల్ పార్కు, వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటిన అడవి. మేం బండి ముందే దిగి నడిచాం. ఆవేళ మాలో చిన్నదైన కాలేజీ అమ్మాయి, "అమ్మమ్మగారినే ముందు నడవనిద్దాం" అంది. అందరూ సరేనన్నారు. కాసేపటికి పిన్నిగారే ఆగిపోయారు. "వద్దర్రా! వెనకాల ఇంతమంది ఉన్నారంటే తరుముతున్నట్టుంది, కాళ్ళు తడబడుతున్నాయి" అన్నారు.

అప్పుడనిపించింది, ముందుంచడం మర్యాదే గాని అదొక్కటే చాలదని. ఒకరి నిదానాన్ని పదకొండుమందికి సంకెలగా వెయ్యడమూ న్యాయం కాదు. పైగా అడవిలో చీకటిపడకముందే తిరిగి రావాలి, అది అందరికీ ఒకటే గడువు. చివరికి తేలిందిది: వేగంగా నడిచేవాళ్ళు నడుస్తారు. ఒకరు మాత్రం వంతులవారీగా పిన్నిగారి పక్కన, ఆవిడ అడుగుతోనే నడుస్తారు. ఆవిడ చేరాక, ఆవిడ "పదండి" అనేదాకా ఎవరూ లేవరు. దానివల్ల ఆలస్యమెంతయ్యా అంటే అరగంట. వాగు చప్పుడు విననివాళ్ళు అప్పుడే విన్నారు.

జాలితో ఆగేవాడు ఎదుటివాళ్ళ రాకనే కనిపెట్టుకుని ఉంటాడు. కలిసి నడిచేవాడు వాళ్ళ అలుపునీ కనిపెడతాడు. ఈ తేడా తెలుసుకోవడానికి అడవికే వెళ్ళనక్కర్లేదు. ఈ రాత్రి మీ ఇంట్లో ఆఖర్న భోంచేసేది ఎవరో, ఆవిడ చెయ్యి కడిగేదాకా పక్కన కూర్చునేదెవరో చూడండి, చాలు.