జోగులాంబ: పాలమూరు నేల నుంచి పరదేశానికి ఒక ఆడపిల్ల పేరు

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో, ముఖ్యంగా పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో, రెండు మూడు తరాల కిందటి వరకు పిల్లల పేర్లు చాలావరకు మొక్కుల నుంచే పుట్టేవి. సంతానం కోసమో, పుట్టిన బిడ్డ బతికి బట్టకట్టడం కోసమో ఏ గుట్టకు, ఏ గుడికి, ఏ దర్గాకు మొక్కుకుంటే ఆ దైవం పేరే బిడ్డకు పెట్టడం ఆనవాయితీ. యాదగిరి నరసింహస్వామికి మొక్కిన ఇళ్లలో యాదగిరి, యాదయ్య, యాదమ్మ పుట్టారు. శ్రీశైలం దారి పట్టిన ఇళ్లలో మల్లయ్య, మల్లమ్మ పుట్టారు. జాన్‌పహాడ్ దర్గాకు వెళ్లి కందూరు చేసిన ఇళ్లలో, అవి హిందువుల ఇళ్లయినా సరే, సైదులు, సైదమ్మ పుట్టారు. ఈ కోవకు చెందిన ఆడపిల్లల పేర్లలో అరుదైనదీ, అర్థం రీత్యా లోతైనదీ జోగులాంబ.

ఆ పేరుకు పుట్టినిల్లు అలంపురం. తుంగభద్ర ఒడ్డున, ఆ నది కృష్ణలో కలిసే చోటికి కొద్ది దూరంలో ఉన్న ఈ ఊరు బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాల వల్ల చరిత్రకారులకూ, శ్రీశైలానికి పశ్చిమ ద్వారమన్న ప్రసిద్ధి వల్ల యాత్రికులకూ చిరకాలంగా తెలుసు. అక్కడి స్వామి బాలబ్రహ్మేశ్వరుడు, అమ్మవారు జోగులాంబ. దక్షయజ్ఞంలో ప్రాణత్యాగం చేసిన సతీదేవి శరీరభాగాలు పడినట్టు భక్తులు నమ్మే క్షేత్రాలను శక్తిపీఠాలంటారు. పద్దెనిమిదింటిని లెక్కించే సంప్రదాయంలో అలంపురం అయిదవది, సతి పైవరుస దంతాలు పడిన చోటని ప్రతీతి. తెలుగు నేల మీద ఆ పద్దెనిమిదిలో నాలుగు పీఠాలున్నాయి. వాటిలో శ్రీశైలం భ్రమరాంబ, ద్రాక్షారామం మాణిక్యాంబ ఇంటింటి పేర్లయ్యాయి. పిఠాపురం పురుహూతిక ఆడపిల్లల పేరుగా దాదాపు వినిపించదు. జోగులాంబ మాత్రం ఈ రెంటికీ మధ్య నిలిచింది: అలంపురం, గద్వాల చుట్టుపక్కల సొంత పేరు, నల్లగొండ దాటితే విననట్టు చూసే పేరు.

ఇందుకు కారణం అమ్మవారి గుడి చరిత్రలోనే కొంతవరకు దొరుకుతుంది. 14వ శతాబ్దంలో బహమనీల దాడిలో అసలు ఆలయం నేలమట్టమైందనీ, అప్పుడు విగ్రహాన్ని బాలబ్రహ్మేశ్వరాలయంలోకి చేర్చారనీ స్థలచరిత్ర చెబుతుంది. ఆరు శతాబ్దాల పాటు అమ్మవారు అక్కడే ఉండిపోయింది. తిరిగి సొంత గుడి లేచింది 2005లో. అన్నేళ్లు ఇంకొకరి ఆలయంలో తలదాచుకున్న దేవత పేరు దూరదేశాలకు పాకకపోవడంలో వింత లేదు; ఆ చుట్టుపక్కల ఊళ్ల తల్లులు దానిని కూతుళ్లకు పెట్టుకుంటూ నిలబెట్టడమే మెచ్చుకోదగిన విషయం. అలంపురం శాసనాలకూ శిల్పాలకూ పండితలోకంలో గుర్తింపు తేవడానికి పాటుపడిన గడియారం రామకృష్ణ శర్మ పూనికతో 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఆ ఊళ్లో జరిగాయి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వాటికి హాజరయ్యారు. అయితే ఆ గౌరవం దక్కింది ఊరికి; పేరును కాపాడినది మొక్కులే.

పేరు నిర్మాణం ఆసక్తికరమైనది. యోగుల తల్లి అనే అర్థంలో యోగులాంబ అన్నదే జోగులాంబ అయిందని సాధారణంగా చెప్పే వ్యుత్పత్తి. సంస్కృత పదం ప్రకృతి అనీ, దాని నుంచి మారి వచ్చిన రూపం వికృతి అనీ తెలుగు వ్యాకరణాలు పిలుస్తాయి; ఆ మార్పులో పదం మొదటి యకారం జకారం కావడం తరచు కనిపిస్తుంది. యాత్ర జాతర అయింది, యజ్ఞం జన్నమైంది, యంత్రం జంత్రమైంది, అదే దారిలో యోగి జోగి అయ్యాడు. జోగుల అన్నది తెలుగు బహువచనం, అంబ అన్నది సంస్కృత శబ్దం. ఇలా తెలుగుపదాన్నీ సంస్కృతపదాన్నీ కలిపి సమాసం చేస్తే వైరిసమాసమని పండితులు ఆక్షేపిస్తారు గాని, ఊరి జనం ఆ ఆక్షేపణను లెక్కచేయక పేరును పలికారు, వాడుకలో మరింత తేలిక చేసి జోగులమ్మ, జోగమ్మ అని పిలుచుకున్నారు. హైదరాబాదు రాష్ట్రంలో అలంపురం, గద్వాల తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి, 1956లో మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాయి. ఇప్పటికీ అక్కడి తెలుగుకు కన్నడం పొరుగు భాష. కన్నడంలో జోగుళ అంటే జోలపాట. పేరుకు మూలం అది కాకపోయినా, రెండు భాషలు వినే ఇంట్లో ఈ పేరు తల్లి ఒడిని తలపించే తీరున వినిపించడం కాకతాళీయమైన ఒక అందం.

అమ్మవారి రూపం ఆ మెత్తదనానికి పూర్తిగా విరుద్ధం. శవాసనం మీద యోగముద్రలో కూర్చున్న ఉగ్రమూర్తి ఆమె. పైకి లేచిన జటల్లో తేలు, కప్ప, బల్లి, కపాలం కనిపిస్తాయి. ఇల్లు పాడుపడే కొద్దీ బల్లులూ తేళ్లూ గబ్బిలాలూ చేరతాయని, ఆ కీడును తలకెత్తుకుని ఇంటిని కాచే గృహచండి ఈమె అని క్షేత్రంలో వివరిస్తారు. మాఘ శుద్ధ పంచమినాడు, అంటే వసంత పంచమినాడు, అమ్మవారి నిజరూప దర్శనం ఉంటుంది. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి తెలుగువారు మంచిదని ఎంచుకునే రోజు కూడా అదే. కాబట్టి ఆడపిల్లకు జోగులాంబ అని పేరు పెట్టిన పెద్దలు ఆ పిల్ల కేవలం సుకుమారిగా ఉండాలని కోరుకోలేదనుకోవాలి. మనసు అదుపులో ఉన్న యోగిని నిబ్బరాన్ని, ఇంటిని నిలబెట్టే గట్టిదనాన్ని కలిపి కోరుకున్నారు.

ఈ పేరుకు చేరువలో ఒక చీకటి కూడా ఉంది, దానిని దాటవేసి పేరును పొగడడం న్యాయం కాదు. యోగిని శబ్దం నుంచే జోగిని వచ్చింది. ఎల్లమ్మ వంటి దేవతల పేరు చెప్పి బాలికలను, ఎక్కువగా దళిత కుటుంబాల పిల్లలను, గుడికి అంకితం చేసి, ఆ తరువాత ఊరి పెత్తందార్ల వాంఛకు వదిలేసిన దురాచారానికి తెలంగాణలో జోగిని వ్యవస్థ అని పేరు, మహబూబ్‌నగర్ జిల్లా దానికి గట్టిపట్టుగా ఉండేది. దేవదాసీగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఆ చట్టంతోనే ఆచారం ఒక్కసారిగా మాయం కాలేదు. తపస్సుకు గుర్తుగా ఉన్న మాట ఒక వాడలో దేవత పేరై, పక్క వాడలో ఆడపిల్ల మెడకు ఉరితాడైందన్నమాట. ఆ కారణంగా పేరును తప్పుకోవాలనుకునే తల్లిదండ్రుల సంకోచం అర్థం చేసుకోదగినదే. అయితే దోషం చేసింది పేరు కాదు, దానిని అడ్డుపెట్టుకున్న మనుషులు. పేరును గౌరవంగా పెట్టుకుని, ఆ చరిత్రను పిల్లకు వయసు వచ్చాక దాచకుండా చెప్పడం మరింత ధైర్యమైన మార్గం.

పాలమూరు పేర్లు ఊరు దాటడం అమెరికా ప్రయాణాలతో మొదలు కాలేదు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో మహబూబ్‌నగర్ జిల్లా కూలీలు ముంబయి, పుణె నగరాలకు, ప్రాజెక్టుల పనులకు గుంపులుగా తరలివెళ్లారు, పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా తెలిసింది. శ్రీశైలం జలాశయం నీటిలో కృష్ణా, తుంగభద్రల ఒడ్డున ఉన్న పల్లెలెన్నో మునిగాయి, కూడవెల్లి సంగమేశ్వరాలయం సైతం రాయి రాయిగా విప్పి అలంపురానికి చేర్చవలసి వచ్చింది. ఊరు పోయిన మనిషికి ఊరి దేవత పేరు తప్ప వేరే చిరునామా మిగలని పరిస్థితి ఈ ప్రాంతానికి కొత్త కాదు. చదువుకుని విదేశాలకు వెళ్లిన తరం తాను మొదటి ప్రవాస తరమని అనుకోవడం సహజం. నిజానికి అంతకు ముందే తలమీద మూటతో బస్సెక్కిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ బాట నడిచినవారే.

పరదేశంలో పేరు పెట్టే పద్ధతిలోనే ఒక చిక్కు ఉంది. తెలంగాణ ఇళ్లలో ఇరవై ఒకటో రోజు తొట్టెల వేడుకలో పళ్లెంలో పరిచిన బియ్యం మీద బంగారు ఉంగరంతో తండ్రి పేరు రాస్తాడు, మేనత్త బిడ్డ చెవిలో ఆ పేరు చెబుతుంది. బియ్యం మీద ఒక్క పేరే రాయాలన్న నియమం లేదు. నక్షత్రం పేరు, మొక్కు పేరు, పిలుపు పేరు వేరువేరుగా రాసే ఇళ్లున్నాయి. అమెరికాలో అయితే ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే జనన ధ్రువపత్రానికి పేరు అడుగుతారు కాబట్టి, ఇరవై ఒక్క రోజుల పాటు పెద్దలతో మాట్లాడి తేల్చుకోవలసిన పని రెండు రోజుల్లో ఫోను తెర మీద తేలిపోతుంది. అలా వెతికే తల్లిదండ్రులు పొట్టిగా, ఏ దేశంవారి నోటికైనా తేలికగా ఉండే పేర్ల వైపు మొగ్గుతారు. వారి అవసరాన్ని తప్పుపట్టవలసింది లేదు. కాని పాత పద్ధతిలోని రెండు మూడు పేర్ల వెసులుబాటు అక్కడి పత్రాల్లోనూ ఉంది: మొదటి పేరుకూ ఇంటిపేరుకూ నడుమ ఇంకో పేరుకు చోటుంటుంది, మొక్కు పేరు అక్కడ హాయిగా ఇముడుతుంది. శ్రవణా నక్షత్రం మూడో పాదంలో పుట్టిన బిడ్డకు పంచాంగం ఇచ్చే అక్షరం జో. ఆ అక్షరంతో వెతికేవారికి జ్యోతి, జ్యోత్స్న వెంటనే దొరుకుతాయి, జోగులాంబ పెద్దలను అడిగితే తప్ప దొరకదు. బడిలో జో అని పిలిచినా వింత లేదు, ఇంగ్లీషు దేశాల్లో అది ఆడపిల్లల ముద్దుపేరే.

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఒక జిల్లాకు జోగులాంబ గద్వాల అని పేరు పెట్టడంతో ఈ మాట ప్రతి కార్యాలయం బోర్డుకూ ఎక్కింది, దాన్ని విననివారు ఇప్పుడు తెలంగాణలో అరుదు. పేరు ప్రసిద్ధమైంది గాని పేరు పెట్టుకునే పిల్లలు పెరిగారని చెప్పడానికి ఆధారం లేదు. బోర్డు మీది పేరుకు గౌరవం చూపడం తేలిక, ఉయ్యాలలోని బిడ్డకు పెట్టడానికి ఇంటిల్లిపాది ఒప్పుకోవాలి. పెట్టినవారికి ఒక బాధ్యత వెంట వస్తుంది. మొక్కు పేరు పెట్టిన బిడ్డకు పుట్టువెంట్రుకలు ఆ దేవత సన్నిధిలోనే తీయించాలన్నది పెద్దల మాట. హైదరాబాదు నుంచి కర్నూలు వైపు సాగే జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్లు దాటాక అలంపురం చౌరస్తా వస్తుంది. అక్కడ రహదారి విడిచి తుంగభద్ర ఒడ్డుకు తిరిగితే ఊరు, కోటగోడ, గుళ్లు. డల్లాస్‌లోనో సిడ్నీలోనో పుట్టిన జోగులాంబ అక్కడికి ఒక్కసారైనా రావలసి ఉంటుంది, వచ్చినప్పుడు ఆ ఊళ్లో ఆమె పేరును మళ్లీ చెప్పమని అడిగేవారు ఉండరు.