పాత బల్లలు, క్రొత్త రంగు

పాఠము: 2 దినవృత్తాంతములు 24:4–14



యోవాషు రాజు మందిరమును బాగుచేయింపగోరి యొక పెట్టెను గుమ్మము బయట నుంచెను. జనులు సంతోషముతో కానుకలు వేసిరి. ఆ ధనముతో వడ్రంగులకు కూలి నిచ్చిరి. వారు వేరొక మందిరమును కట్టలేదు. ఉన్నదానినే పూర్వస్థితికి తెచ్చి బలపరచిరి.

మేడ్చల్, శామీర్‌పేట పల్లెలను నేడు నగరము కలుపుకొనుచున్నది. పాత టేకు బల్లలను తూకమునకు అమ్మి ప్లాస్టిక్ కుర్చీలు వేయుదమను మాట లేచుచుండును. తొందరపడకుడి. దబ్బనముతో పొడిచి చూడుడి; చెద తినని కొయ్యలో అది సులువుగా దిగదు. వదులైన కీళ్లలో పాత సరేసు గీకి క్రొత్తది పెట్టవచ్చును. పెచ్చులూడిన రంగును మాత్రము పొడిగా గీకవలదు. తడిపి రుద్దుడి, పిల్లలను దూరముగా నుంచుడి. ఇంటి రంగులలో సీసమును కట్టడిచేసిన నియమము మన దేశమున 2017 నవంబరు 1న గాని అమలునకు రాలేదు. పాత పూతలో ఆ విషముండవచ్చును. బాగుగా ఆరిన పిమ్మట కాళ్లకు రంగు వేయుడి. చేతులానించు పైపలకకు పలుచని లక్క పూత చాలును. అక్కడ మన తాతల చేతులు నున్నచేసిన పల్లము కలదు. దానిని లప్పముతో పూడ్చుట నాకు నచ్చదు.

ప్రభువు తిబెరియ తీరమున పేతురును మరల నిలువబెట్టినప్పుడు, మూడుమార్లు బొంకిన నోటినే మూడుమార్లు అడిగి, గొఱ్ఱెలను వానికే అప్పగించెను. పేతురు యోహానుగా మారలేదు. ఆ ఉదయము పైబట్ట చుట్టుకొని నీళ్లలో దూకిన తొందరమనిషే, పెంతెకొస్తు దినమున లేచి జనులతో మాటలాడెను.

ఈ నెల పెద్దల కూటములో బల్లల మాట వచ్చినయెడల, ముందొక వడ్రంగిని పిలిచి ఒక్క బల్లను తిరగవేసి చూపుడి.