తెగిన కాలు మరల మొలచుట

బల్లి తోక తెగిపడి మరల మొలచుట మనమందరము చూచినదే. అయితే ఆ క్రొత్త తోకలో మునుపటి వెన్నుపూసలుండవు, మృదులాస్థి గొట్టము మాత్రముండును. కప్పలకు దూరపు చుట్టమై తోకగల సాలమండరు సంగతి వేరు. దాని కాలు తెగినయెడల ఎముక, కండ, నరము, వ్రేళ్లతో సహా కాలంతయు మరల వచ్చును. 1768లో ఇటలీ దేశపు గురువగు స్పల్లాంజాని దీనిని వ్రాసి ప్రకటించెను.

ఇది యెట్లు జరుగును? కొద్ది గంటలలోనే చర్మకణములు ప్రాకివచ్చి గాయమును కప్పును. మనకైతే అక్కడ మచ్చ కట్టి పని ముగియును. సాలమండరులో ఆ పలుచని పొరయు, దానిక్రింది నరములును కొన్ని ప్రోటీనులను విడుచును. వీటిని కబురు మోయువారనవచ్చును. ఇది పోలికయే సుమా. వాటికి నోరు లేదు. ఒక కణము విడిచినది వేరొక కణమునకు తాళములో తాళపుచెవివలె అమరును, అంతే. ఆ కబురందిన కణములు తమ ముదిరిన రూపమును విడిచి, లేతవై, పెరిగి, మొగ్గవలె కూడును. మణికట్టున తెగినచో హస్తము మాత్రమే వచ్చును, భుజమున తెగినచో చేయి యంతయు వచ్చును.

నరమును తెంచివేసినచో పైచర్మము మూసికొనును గాని కాలు మొలవదు. 2007లో లండను యూనివర్సిటీ కాలేజీ శాస్త్రజ్ఞులు, నరము తీసివేయబడిన చోట ఆ నరము పంపవలసిన ఒక ప్రోటీనును తామే అందింపగా, వ్రేళ్లదాక మొలిచెను. సంఘములో కలహము పుట్టినప్పుడు మనమును పైచర్మము మూసి, మానినదని చెప్పుకొందుము; రెండిండ్ల మధ్య మాటలు మాత్రము తెగియేయుండును.

నరకబడిన చెట్టుకున్న ఆశ మనుష్యునికేదని యోబు 14వ అధ్యాయములో మొరపెట్టెను. చెరకు గానుగలో చేయి పోయినవారు మన గ్రామములలోను గలరు. చేయి మొలవలేదు గనుక వారి విశ్వాసము కొదువని చెప్పుట క్రూరము. మన దేహము మచ్చ కట్టునట్లు నిర్మింపబడినది. అదియు కరుణయే. వారికొరకు ప్రార్థింతము. కృత్రిమహస్తము కొరకు పట్టణపు ఆసుపత్రికి వారితో ఎవరు వెళ్లుదురో, ఈ యేడు వారి మడి ఎవరు దున్నుదురో, ఆదివారారాధన ముగిసిన పిమ్మట కూర్చుండి మాటలాడుకొందము.